మా నాయన మందు పెట్టిన బెల్టు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాక తెలిసినవి కూడా ఒక్కొక్కటే తెలియకుండా పోతున్నాయి కానీ, ఇరవై ఆరేళ్ళ వయసులో, చేతిలో కొత్త ఫోనూ, పల్లెటూరి బడిలో టీచరుద్యోగమూ, ఇంటి ముందు పాత కారూ ఉన్న ఆడపిల్లకు లోకంలో అర్థం కానిది ఏముంటుంది? ఫోన్లో ఒక వీడియో చూస్తే బిర్యానీ వచ్చేసేది. రెండు చూస్తే కుట్టుమిషను బాగయ్యేది (బాగయిందని నేను అనుకున్నాను, మిషను మాత్రం ఇప్పటికీ అటక మీదే ఉంది). మూడు చూస్తే కారు స్టీరింగు బెల్టు మార్చడం కూడా వచ్చేస్తుందని మనస్ఫూర్తిగా నమ్మాను. ఆ నమ్మకం ఎంత దూరం పోయిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు కారు సంగతి. ఆదోనిలో మా ఇల్లు దూది మిల్లుల వెనక వీధిలో ఉండేది. నా బడి పెద్దకడుబూరు దగ్గర ఒక లోపలి పల్లెలో. అక్కడికి బస్సు ఉంది కానీ, ఆ బస్సుకూ మా బడి గంటకూ ఏనాడూ పడలేదు. రెండేళ్ళు ఆటోల్లో పత్తి మూటల మధ్య కూర్చుని పోయి, దూది అంటిన చీరతో పాఠాలు చెప్పి, చివరికి ఒక పాత చిన్న కారు కొన్నాను. అది ఎర్ర కారని కాగితాల్లో ఉంది కాబట్టి నమ్మాలి. మా ఇంట్లో అమ్మమ్మ దగ్గర్నుంచి ఏ ఆడమనిషీ తనకు కావలసిన వేళకు, తనకు కావలసిన చోటికి, ఎవరినీ అడక్కుండా బయల్దేరింది లేదు. నేను బయల్దేరేదాన్ని. తాళం తిప్పగానే ఆ కారు దగ్గినట్టు దగ్గి కదిలేది. ఆ దగ్గు వింటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో ఇప్పుడు చెబితే అతిగా అనిపిస్తుంది. కానీ అంత సంతోషంగానూ ఉండేది.

అమ్మకు మాత్రం ఆ కారంటే సరిపడేది కాదు. దానికి కారణాలున్నాయి. మొదటిసారి ఎక్కిన రోజే అది సంతలో ఉల్లిగడ్డల బండ్ల మధ్య ఆగిపోయింది. రెండోసారి ఆగినప్పుడు అమ్మ క్రిస్మస్‌కు కొన్న కొత్త చీర కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నుంచి తోసింది. మూడోసారి మంత్రాలయం పోయే బస్సొకటి మా వెనక ఇరుక్కుపోతే, అందులోని భక్తులంతా దిగి మమ్మల్ని తోశారు. వాళ్ళు తోస్తుంటే లోపల బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మ సిగ్గుతో సగమైపోయింది (వాళ్ళకు ఆ యాత్రలో ఆ పుణ్యం కూడా కలిసే ఉంటుంది). ఆ తర్వాత అమ్మ తీర్పు చెప్పేసింది. ఎమ్మిగనూరులో మా చిన్నమ్మ వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నారు. వచ్చే ఆదివారం పొద్దున ఆరాధన అయ్యాక అక్కడ కొత్తింటి ప్రార్థన, భోజనాలు. మా చిన్నాయన అక్కడి మగ్గాల మీద నేసిన చీరలు ఊరూరా తిప్పి అమ్మే మనిషి. మూటలు వేసుకోవడానికి మా కారు అడుగుతున్నాడు.

"ఆదివారం ఎమ్మిగనూరు దాకా నోరెత్తకుండ పోతే ఉంచుకో. దోవలో మొరాయించిందా, తాళాలు మీ చిన్నాయన సేతిలో పెట్టి బస్సుకొచ్చేద్దాం" అన్నది అమ్మ. అమ్మ మాట అంటే మా ఇంట్లో అప్పీలు లేని కోర్టు.

ఆ మాటన్నది బుధవారం. శుక్రవారం సాయంత్రం బడి నుంచి వస్తుంటే బోనెట్టు కింద ఎవరో ఎవరినో చెంపదెబ్బ కొట్టినట్టు చప్పుడైంది. కారు ఆగలేదు, హాయిగానే పోతోంది. హమ్మయ్య అనుకున్నాను. మలుపు వచ్చేదాకా అలాగే అనుకున్నాను. మలుపులో స్టీరింగు తిప్పబోతే అది కదలలేదు. రెండు చేతులతో, పళ్ళు బిగించి, సీట్లోంచి సగం లేచి, రుబ్బురోలు తిప్పినట్టు తిప్పాల్సి వచ్చింది. ఎదురుగా గొర్రెల మంద. కాపరి ముసలాయన నా అవస్థ చూసి, పాపం, మందనే పక్కకు తోలాడు. ఇంటికి వచ్చేసరికి నా జబ్బలు నావి కావు. మా సందు మలుపు తిరగడానికి మూడుసార్లు ముందుకూ వెనక్కీ పోవాల్సి వచ్చింది. అదంతా ఎదురింటి అవ్వ అరుగు మీద కూర్చుని చూసింది. ఆమెకు మేము పెట్టుకున్న పేరు సైరన్ అవ్వ. మిల్లు సైరన్ మూతబడ్డాక వీధికి ఏ వార్త కావాలన్నా ఆమే దిక్కు.

బోనెట్టు ఎత్తితే లోపల తెగిన బెల్టు ముక్కలు వేలాడుతున్నాయి. నాయన వచ్చి నా భుజం మీదుగా తొంగి చూశాడు. మా నాయన గురించి ఇక్కడే చెప్పుకోవాలి. ఆయన ముప్పై ఏళ్ళు పాత జిన్నింగ్ మిల్లులో బెల్టు మేస్త్రి. ఆ మిల్లులో షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా పైన ఒకటే పొడుగాటి ఇనప కడ్డీ తిరుగుతూ ఉండేది. దాని నుంచి కిందనున్న ఒక్కో మిషనుకూ ఒక్కో వెడల్పాటి తోలు పట్టా బెల్టు. పత్తి నుంచి గింజ విడిపోవాలంటే ఆ బెల్టులన్నీ తిరగాలి. తెగిన బెల్టును కోసి, కుట్టి, ఎక్కించడం నాయన పని. మిల్లు మూతబడి అప్పటికి రెండేళ్ళయింది. అయినా నాయన రోజూ పొద్దున స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఎనిమిది గంటలకల్లా గడప దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. ఎక్కడికీ పోయే పని లేని మనిషి అంత శుభ్రంగా తయారై కూర్చుంటే చూడ్డానికి కష్టంగా ఉండేది. అమ్మ ఇంకో మిల్లులో పత్తి ఏరే పనికి పోతూ, ఆయన వైపు చూడకుండా చెప్పులు వేసుకునేది.

ఆ సాయంత్రం నాయన తెగిన ముక్కను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ వంచి, వాసన చూసి, "బెల్టే గదా పాపా. నేను ఎక్కిస్తా" అన్నాడు. రెండేళ్ళలో నేను ఆ గొంతు వినలేదు. మెకానిక్ దగ్గరికి పోదామని అనబోయి ఆగిపోయాను. ఆగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మాకు తెలిసిన మెకానిక్ షెడ్డు సరిగ్గా అమ్మ పనిచేసే మిల్లు గేటు ఎదురుగా ఉంటుంది. అక్కడ కారు పెట్టడమంటే అమ్మ సంతకం కోసం పెట్టినట్టే. మర్నాడు రెండో శనివారం, నాకు సెలవు. అమ్మ ఎనిమిదికి పోతే ఐదు దాటాక గానీ రాదు. ఈలోగా పని ముగించేద్దామని నాయనా నేనూ ఒప్పందం చేసుకున్నాం. మేమిద్దరం కలిసి అమ్మ దగ్గర ఏదైనా దాచడం అదే మొదటిసారి. ఇద్దరికీ భయంగానే ఉంది, ఇద్దరికీ బాగానే ఉంది.

శనివారం అమ్మ వీధి మలుపు తిరగగానే బజారుకు పోయాం. నేను తెగిన ముక్క మీది నంబరు కాగితం మీద రాసుకున్నాను. నాయనకు నంబర్ల మీద నమ్మకం లేదు. పొద్దున్నే పుల్లీల చుట్టూ నూలుదారం తిప్పి, ముడేసి, జేబులో పెట్టుకుని వచ్చాడు. విడిభాగాల అంగట్లో అబ్బాయి నా కాగితం చూసి బెల్టు తీసి బల్ల మీద వేశాడు. నాయన దారాన్ని దాని పక్కన పరిచి చూశాడు. సరిగ్గా సరిపోయింది. ఆయన ముఖం వెలిగింది, నాకు కాస్త చిన్నతనమనిపించింది. అంతలోనే బెల్టు చుట్టూ వేలు పోనిచ్చి, "అతుకు యాడుంది దీనికి?" అని అడిగాడు. ఈ బెల్టులు అతుకు లేకుండానే వస్తాయని అంగడబ్బాయి చెప్పాడు. "అతుకు ల్యాకపోతే, తెగినాక విప్పేది యాడప్పా?" అన్నాడు నాయన. ఆ అబ్బాయి చిల్లర లెక్కపెట్టడంలో పడిపోయాడు. ఇంటికొచ్చేదాకా నాయన ఆ బెల్టును అపనమ్మకంగానే పట్టుకున్నాడు.

ఇక పని. నేను ఫోన్ను బ్యాటరీ మీద ఆనించి వీడియో పెట్టాను. అందులో ఒక తెల్లవాడు, చేతికి మసి అంటకుండా, నవ్వుతూ, పన్నెండు నిమిషాల్లో బెల్టు మార్చేశాడు. స్టీరింగు పంపు బోల్టు వదులు చేయాలి, పంపును జరపాలి, పాత బెల్టు తీసి కొత్తది పుల్లీల గాళ్ళలో కూర్చోబెట్టాలి, పంపును వెనక్కి లాగి బిగించాలి. ఇంతే. ఒకే ఒక్క చిక్కేమిటంటే, అతని కారులో పంపు బోల్టు కనబడుతోంది. మా కారులో అది ఎక్కడుందో కనుక్కోవడానికే ముప్పావుగంట పట్టింది. అప్పటికి సైరన్ అవ్వ అరుగు దిగి వచ్చి ఏం చేస్తున్నారని అడిగింది. బండి కడుగుతున్నామని నాయన చెప్పాడు. చుట్టుపక్కల చుక్క నీళ్ళు లేవు. నేను లోపలికి పరుగెత్తి బకెట్టుతో నీళ్ళు తెచ్చి కారు పక్కన పెట్టాను. సాయంత్రం దాకా ఆ బకెట్టు అక్కడే ఉంది, అవ్వ మధ్యమధ్యలో దాని వంక చూస్తూనే ఉంది.

నాయనతో పనిచేయడంలో నాకు తెలియని సంగతి ఒకటుంది. మిల్లులో మిషన్ల హోరుకు మాట వినబడదు. అందుకని అక్కడ అన్నీ చేతి సైగలే. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, చేతిలోకి పానా రాగానే నాయన నోరు మూతబడింది. కారు ఆగి ఉంది, వీధిలో కాకి కూడా అరవడం లేదు, అయినా ఆయన రెండు వేళ్ళు పైకెత్తుతాడు, అరచెయ్యి బోర్లిస్తాడు, బొటనవేలు తిప్పుతాడు. వేలు గుండ్రంగా తిప్పితే బోల్టు తిప్పమంటున్నాడని నేను తిప్పాను. ఆయన అడిగింది టీ. అరచెయ్యి ఊపితే టీ కావాలేమోనని లోపలికి పోయి పెట్టుకొచ్చాను. అది, బోల్టు వదలొద్దని. బడిలో నలభై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టే దాన్ని, మా నాయన దగ్గర ఏమీ రాని పనిమనిషినైపోయాను. నాకు కోపం వచ్చి నోటితో చెప్పవచ్చు కదా అంటే, ఆయన నా వంక జాలిగా చూసి మళ్ళీ సైగే చేశాడు.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. తుప్పు పట్టిన బోల్టు నా బలానికీ వీడియోకీ రెంటికీ కదలకపోతే, నాయన దాని తల మీద సుత్తితో నాలుగు సన్న దెబ్బలు వేసి, చెవి పెట్టి విని, ఇంకో దెబ్బ వేసి, పానా పెట్టి తిప్పాడు. వచ్చేసింది. కొత్త బెల్టు గాళ్ళలో కూర్చోబెట్టడానికి వీడియో వాడు రెండుసార్లు తడబడ్డాడు. నాయన ఒక్కసారికే ఎక్కించాడు. పంపును లాగి పట్టడానికి ఏ పనిముట్టూ చాలకపోతే పెరట్లోంచి చిన్న గడ్డపార తెచ్చాడు. దాన్ని సందులో ఆనించి, నన్ను పట్టుకోమని, తను బోల్టు బిగించాడు. చివర బెల్టును వేలితో మీటి విన్నాడు. "పలకతాండాది" అన్నాడు. పానా పట్టాక ఆయన నోటితో అన్న మొదటి మాట అది. నేను వీడియోలో చెప్పినట్టు బొటనవేలితో నొక్కి చూశాను. ఎంత వంగాలన్నారో అంతే వంగింది. ఆయన చేతులు అంత బాగా పనిచేస్తాయని నాకు అంతకుముందు తెలియదు. నేను పుట్టినప్పటి నుంచీ మిల్లు మూతబడేదాకా ఆ పని చేస్తూనే ఉన్నాడు, నేను ఒక్కరోజూ మిల్లుకు పోయి చూడలేదు.

అప్పుడు ఆయన వంటింట్లోకి పోయాడు. పదినిమిషాలకు సత్తు గిన్నెతో బయటికి వచ్చాడు. గిన్నెలో ఆముదం, దానిలో కరిగిన గుగ్గిలం, చిక్కగా, వేడివేడిగా. మిల్లులో దాన్ని మందు అనేవాళ్ళట. పట్టా బెల్టు పుల్లీ మీద జారకుండా దాన్ని రాస్తారు. కొత్త బెల్టును మందు పెట్టకుండా ఎక్కించడమంటే ఆ మిల్లులో తలంటు పోయకుండా పెళ్ళికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టినంత తప్పు. నాకు మాత్రం వీడియో గుర్తొచ్చింది. రబ్బరు బెల్టు మీద చుక్క నూనె కూడా పడకూడదని ఆ తెల్లవాడు మూడుసార్లు చెప్పాడు, మూడోసారి వేలు కూడా చూపించాడు. నాలోని టీచరమ్మ నోరు తెరిచింది. నాయన చిన్న గుడ్డముక్కను మందులో ముంచి, పిండి, బెల్టు వైపు వంగుతూ ఈలగా ఏదో పాట అందుకున్నాడు. రెండేళ్ళుగా మా ఇంట్లో ఈల వినబడలేదు. నేను నోరు మూసుకున్నాను. పైగా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను, ఆ తెల్లవాడికి ఆముదం గురించి ఏం తెలుసు అని.

కారు స్టార్టు చేశాను. స్టీరింగు ఈ కొసకు తిప్పాను, ఆ కొసకు తిప్పాను. వేలితో తిప్పితే తిరుగుతోంది, చిన్న చప్పుడైనా లేదు. గుగ్గిలం జిగురు బెల్టును గట్టిగా పట్టి ఉంచిందని నాకు అప్పుడు తెలియదు. ఎగిరి గంతేశాను. బడిలో తోటి టీచరుకు ఫోన్ చేసి కారు బెల్టు నేనే మార్చానని చెప్పాను. నేనే, అన్నాను. మా నాయన పక్కనే చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆ 'నేనే' ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు అమ్మ నాయన చేతివైపు చాలాసేపు చూసింది. సబ్బుతో ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పదకొండుకు బయల్దేరాం. ముందు సీట్లో అమ్మ, వెనక నాయన, ఆయన ఒళ్ళో చిన్నమ్మకు ఇవ్వాల్సిన స్టీలు బిందె. ఎండ మాడ్చేస్తోంది. సగం దారి దాకా కారు పెళ్ళిచూపుల్లో పిల్లలా తలొంచుకుని పోయింది. నేను గెలిచేశాననుకున్నాను. ఆ తర్వాత మలుపులో ముందు సన్నగా కీచుమంది. అమ్మ ఏమిటని అడిగితే గాలి అన్నాను. రెండో మలుపులో ఆ గాలి ఎంత గట్టిగా అరిచిందంటే, చేలో వేరుశనగ పీకుతున్న వాళ్ళు నడుములెత్తి చూశారు. ఇంజను వేడికి జిగురంతా కరిగి, మిగిలిన ఆముదం మీద బెల్టు జారడం మొదలైందన్నమాట. స్టీరింగు ఒకసారి దూదిలా, ఒకసారి రాయిలా తిరుగుతోంది. అద్దంలో చూస్తే వెనక నాయన బిందె మీదుగా సైగలు చేస్తున్నాడు. ఏ సైగకు ఏ అర్థమో ఆ స్థితిలో ఎవరికి తెలుసు? ఎమ్మిగనూరు ఊళ్ళోకి తిరిగే చోట, నేను సీట్లోంచి లేచి నిలబడినంత పనిచేసి తిప్పుతుంటే, కారు ఊరంతా వినబడేలా కేక పెట్టింది. బోనెట్టు అంచుల్లోంచి సన్నగా పొగ వచ్చింది. ఒక గోడ పక్కన నీడలో ఆపేశాను.

అయిపోయింది అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపట్నుంచి మళ్ళీ ఆటో, మళ్ళీ పత్తి మూటలు. అమ్మ వైపు చూసే ధైర్యం లేక స్టీరింగు వంకే చూస్తూ కూర్చున్నాను. కారు లోపలంతా ఘాటైన వాసన నిండిపోయింది. అమ్మ ముక్కుతో రెండుసార్లు గట్టిగా పీల్చింది.

"గుగ్గిలమా?" అని వెనక్కి తిరక్కుండానే అడిగింది.

నాయన ఒళ్ళో బిందె సర్దుకుంటూ "ఊఁ" అన్నాడు.

"ఆముదం గూడ ఏసినావా?"

"రోంతే ఏసినా."

నేను అమ్మ అరుపు కోసం కాచుకున్నాను. అరుపు రాలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడి చూస్తే, నవ్వుతోంది. "పత్తి షెడ్లో మేము తలెత్తకుండానే సెప్తాంటిమి, బెల్టాయన వస్తాండాడు అని. మనిషికంటే ముందు ఈ వాసనొస్తాండె" అన్నది, నాతోనో, కిటికీతోనో. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ నాయన పాత మిల్లులోనే ఒకరినొకరు చూసుకున్నారని నాకు తెలుసు. ఎలా చూసుకున్నారో అంతవరకు ఎవరూ చెప్పలేదు. నాయన బిందె అంచు మీద వేళ్ళు ఆడిస్తూ బయటికి చూస్తున్నాడు. కాసేపటికి అమ్మ, ఇంజను చల్లారింది, నిదానంగా పోనీ అన్నది.

చిన్నమ్మ ఇంటికి మేం వస్తున్న సంగతి వీధి మొదట్లోనే అందరికీ తెలిసిపోయింది. కేకలు పెట్టుకుంటూ పోయి ఆగాం. ప్రార్థనకు వచ్చినవాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మా చిన్నాయన నవ్వుతూ ఎదురొచ్చి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి తాళాల కోసమేనని నాకు తెలుసు. నేను తాళాలు తీసి, ఇవ్వలేక, ఇవ్వకుండా ఉండలేక, గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని దిగింది.

"ఇచ్చేది ల్యా మరిదీ. దానికి పనిజేసే మనిషి మా ఇంట్లో ఉండాడు" అన్నది.

అంతే అనేసి బిందె తీసుకుని లోపలికి పోయింది. నాయన కారులోంచి దిగడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన్ని నలుగురు నాలుగు రకాలుగా ఆటపట్టించారు. ఆయన రెండుసార్లు పాయసం అడిగి వేయించుకున్నాడు.

సోమవారం బడి అయ్యాక నేను ఎవరికీ చెప్పకుండా ఎమ్మిగనూరులోనే ఒక మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన బోనెట్టు ఎత్తి, బెల్టు ముట్టుకుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, నా వంక చూశాడు. "ఏమ్మా, దీనికి తలంటు పోసినారా?" అన్నాడు. పోశామన్నాను. పుల్లీలు శుభ్రంగా తుడిచి కొత్త బెల్టు వేయించుకున్నాను. ఆముదం బెల్టును దారిలో ముళ్ళకంపల్లోకి విసిరేశాను. ఇంటి ముందు కారు ఆపేసరికి నాయన కుర్చీలోంచి లేచి, తల పక్కకు వంచి ఇంజను చప్పుడు విన్నాడు. ఇంకోసారి స్టీరింగు తిప్పమని సైగ చేశాడు (ఆ ఒక్క సైగ నాకు అప్పటికి వచ్చేసింది). తిప్పాను. కిమ్మనలేదు. ఆయన నా వంక ఒకసారి చూసి, తర్వాత సైరన్ అవ్వ వైపు తిరిగి, "మందు పట్టేదాకా అరస్తాది అవ్వా. పట్టినాక నోరెత్తదు" అని చెప్పాడు.

అవ్వకు చెప్పడమంటే ఊరికి చెప్పడమే. వారం తిరక్కుండా రెండు వీధుల అవతలి పిండిమర ఆయన వచ్చి, మర బెల్టు జారుతోంది, ఒకసారి చూడమని నాయనను పిలుచుకుపోయాడు. అది పట్టా బెల్టే కాబట్టి మందు పనిచేసింది. ఆ తర్వాత ఇంకో మర, ఇంకో నూనె గానుగ. నాయన ఎనిమిదింటికి తల దువ్వుకుని కూర్చోవడం మానేసి, దువ్వుకుని బయల్దేరడం మొదలుపెట్టాడు. నేనేమో నా రహస్యాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. మధ్యలో రెండుసార్లు బెల్టు అరిగిపోతే రెండుసార్లూ దొంగతనంగానే మార్పించాను. ఆ బెల్టు ఎంత కాలం వచ్చిందో చూశారా, మందు మహిమ అని నాయన అంటుంటే, గంభీరంగా తలూపేదాన్ని. నాయన మనసు నొప్పించకుండా ఎంత తెలివిగా నడుపుకొస్తున్నానో అని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

పోయినేడు ఆ కారు ఇక నడవనని భీష్మించుకుంటే తుక్కు కింద ఇచ్చేశాం. దాన్ని లారీకెక్కిస్తుంటే నాయన బోనెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నాకు ఆగలేదు. ఆ సోమవారం సంగతి, ముళ్ళకంపల సంగతి, తర్వాతి రెండుసార్ల సంగతి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. నాయన లారీ వైపే చూస్తూ, "తెలుసులే" అన్నాడు. ఎప్పట్నుంచి అని అడిగాను.

"ఆ సోమారం పొద్దుమూకే తెలుసు. నేను ఎక్కించిన బెల్టు చప్పుడు నాకు తెల్దా?"

"మరి సెప్పలేదే నాయినా ఇన్నేండ్లు?"

"నువ్వు అంత తిప్పలు పడి దాస్తివి. యాల సెడగొట్టాల అని."

లారీ కదిలిపోయింది. మేమిద్దరం ఇంట్లోకి వచ్చాం. ఈమధ్య ఖాళీగా ఉన్నప్పుడు నాకు ఆ ఇరవై ఆరేళ్ళ టీచరమ్మ గుర్తొస్తుంది. ఎమ్మిగనూరు దారిలో ముళ్ళకంపల పక్కన కారు ఆపి, అటూ ఇటూ ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, బెల్టును దూరంగా విసిరేసి, చేతులు దులుపుకుని, ఇక ఈ విషయం లోకంలో ఎవరికీ తెలియదని నిశ్చింతగా ఇంటికి వస్తూ ఉంటుంది. పాపం, ఎంత జాగ్రత్తగా దాచిందో.